పంటి అతుకునకు పూర్వకర్మ



ఇంటిలో బిందె కారినచో నాడే మాటు వేయింతుము. గోడ పెచ్చు ఊడినచో వారము తిరుగకుండ పూత పూయింతుము. మన నోటిలోని పన్ను మూల విరిగినచో మాత్రము ఏండ్లతరబడి ఊరకుందుము. అది ముందటి పన్నయినచో నవ్వు వచ్చినప్పుడెల్ల పమిటచెంగు అడ్డము పెట్టుకొనుట నేర్చుకొందుము. పిల్లల పంటికి నొప్పి వచ్చినచో పరుగెత్తుదుము. మన పంటికి వచ్చినచో లవంగము నొక్కిపెట్టి వంటలో పడుదుము. ఎట్టకేలకు బయలుదేరి వైద్యుని యొద్ద పంటికి అతుకు వేయించుకొని వచ్చిన పిమ్మట, ఆ అతుకు పదునైదు దినములలో ఊడి విస్తరిలో పడినచో, ఇది మన ప్రాప్తమని సరిపెట్టుకొందుము.

అది ప్రాప్తము కాదనియు, అందులో అధికభాగము ముందుగా చేయవలసిన పని చేయకపోవుటయే అనియు మేము ఆలస్యముగా తెలిసికొంటిమి. తెలిసికొన్నది చెప్పుటకే ఈ వ్యాసము.

పదియేండ్ల క్రిందట మదనపల్లెలో మా ముందటి పంటి మూలను పంటి రంగుతో నుండు కాంపోజిటు అను పదార్థముతో పూరింపించుకొంటిమి. మన ఊళ్లలో దీనిని పంటికి సిమెంటు పెట్టించుట యని వాడుకగా చెప్పుదురు. ఎనిమిదేండ్లు అది చక్కగా నిలిచినది. రెండేండ్ల క్రిందట దీపావళికి చేసిన నిప్పట్టు కొరుకుచుండగా దానినుండి గోటిమొనయంత ముక్క రాలిపోయినది. వేరొక వైద్యశాలకు వెళ్లితిమి. అచట పంటికి గాలి కొట్టి, ఏదో నీలిరంగు ముద్ద రాచి, కడిగి, మీద కొత్త పదార్థము పెట్టి, వెలుతురు చూపి, పట్టుమని పది నిమిషములలో పంపివేసిరి. పదునొకండవనాడు ఆ కొత్త ముక్క ఊడిపోయినది. అదియైనను గట్టిపదార్థము కొరికినందువలన గాదు; పండ్లు లేని ముసలివారు సయితము మ్రింగగల రాగిసంగటి తినుచుండగా! మరల వెళ్లగా, ఇక పాతదంతయు తొలచి తీసివేయక తప్పదనిరి. పాతదానితో గూడ బాగుగా ఉన్న పన్ను కొంత పోవునా యని అడిగితిమి. పోవుననిరి. మేము ఆలోచించుకొని వత్తుమని లేచి వచ్చితిమి.

ఇచటనే అసలు సంగతి యున్నది. పన్ను మరల మొలచునది కాదు. ఎంత నేర్పుగల వైద్యుడైనను పాత పూతను పూర్తిగా తొలచునప్పుడు, పూతకును పంటికిని రంగు ఒక్కటే యగుటచేత, మేలైన పన్ను కొంత తీయక తీరదు. తీసిన ప్రతిమారును గుంట పెద్దదగును. పెద్ద గుంటకు పెద్ద పూత. పెద్ద పూతకు త్వరగా విరుగు గుణము. అట్లు మూడు నాలుగు మారులైన పిదప పన్ను డొల్లయై, తొడుగు వేయవలసివచ్చును, లేదా పెరికివేయవలసివచ్చును. విరిగిన మేరకే అతుకు వేసి నిలుపగలిగినచో ఈ క్షయమును ఏండ్లతరబడి ఆపవచ్చును. కావున అతుకు నిలుచుట, నిలువకుండుట చిన్న సంగతి గాదు. పన్ను ఆయుర్దాయమే దానిపై నాధారపడియున్నది.

ఈ కాంపోజిటు ఎట్టిదో మొదట తెలిసికొందము. అమెరికాలో రేఫెయిల్ బోవెన్ అను శాస్త్రజ్ఞుడు పరిశోధించి 1962లో పేటెంటు పొందిన ఒక రెసిను దీనికి మూలము. రెసిను అనగా బంకవంటి పదార్థము. ఆ బంకలో మిక్కిలి మెత్తని గాజుపొడియు, సిలికా రజమును కలిపి ముద్ద చేయుదురు. బంకయొక్కటే యైనచో త్వరగా అరిగిపోవును. గాజుపొడి దానికి గట్టిదనము నిచ్చును. మెత్తగా నున్న ఈ ముద్దను పంటిపై తీర్చి నీలపు వెలుతురు చూపగా కొన్ని క్షణములలో రాయివలె బిగిసికొనును. వెలుతురు లోతునకు పోజాలదు గనుక సుమారు రెండు మిల్లీమీటర్ల మందమున పొరలు పొరలుగా పెట్టుచు, ప్రతి పొరకును వెలుతురు చూపుదురు.

ఆ పొరలు ఒకదానినొకటి ఎట్లు పట్టుకొనుచున్నవి? ఇందులో నొక చిత్రమున్నది. గాలిలోని ప్రాణవాయువు తగులుటచేత ప్రతి పొర పైభాగమును పూర్తిగా బిగియక కొంచెము జిగటగా మిగిలియుండును. తరువాతి పొర ఆ జిగటతో కలిసి రెండును ఏకమగును. అందుచేత ఒకే పూట పెట్టిన పొరలకు నడుమ అతుకు అనునదే యుండదు.

ఏండ్లు గడచిన పూత సంగతి వేరు. దాని జిగట పొర నాడే మెరుగు పెట్టుటలో పోయినది. లోపల బిగియక మిగిలిన అణువులు కాలక్రమమున తగ్గిపోయినవి. రేయింబవళ్లు ఉమ్మినీటిలో నానుటచే నీరు లోనికి ఇంకినది. పైన పాచియు, కాఫీ తేనీరుల మరకలును పేరుకొన్నవి. ఇట్టి నున్నని మాసిన ముఖముపై కొత్త ముద్దను పెట్టి వెలుతురు చూపినచో, అది బిగియుట బిగియును, కాని పట్టుకొనదు. పైకి చూచుటకు పని పూర్తియైనట్లే యుండును. రోగికిగాని, ఒక్కొక్కప్పుడు వైద్యునికిగాని, ఆనాడు భేదము తెలియదు. భేదము తెలుపునది పదునొకండవనాటి సంగటి ముద్ద.

పుంగనూరులో మా అమ్మమ్మగారి యింటికి కళాయివాడు వచ్చిన దినములు ఈ సందర్భమున జ్ఞప్తికి వచ్చుచున్నవి. పెరటిలో గుంట త్రవ్వి, తిత్తి అమర్చి, బొగ్గులు రాజవేసి, మొదట వాడు చేయు పని తగరము పూయుట గాదు. ఇత్తడి గిన్నెలను ఇసుకతో తోమి తోమి, చిలుము పోవువరకు రుద్ది, పిమ్మట నిప్పుపై కాచి, నవాసారము చల్లి, తెల్లని పొగ లేచుచుండగా దూదితో తుడిచి, అప్పుడు తగరము ముట్టించెడివాడు. ముట్టించినదే తడవుగ గిన్నె లోపలంతయు వెన్నెలవలె మెరసెడిది. పూత పని రెప్పపాటు; తోముట గంటసేపు. ఒకనాడు మా అమ్మమ్మ, "ఏమిరా, ఇంతసేపు తోముటకేనా కూలి?" అని హాస్యమాడగా, వాడు, "అమ్మగారూ, కూలి తోముటకే, పూత దానంతట అదే పట్టుకొంటుంది" అనెను. ఇసుక మురికిని, నవాసారము లోహముపైని చిలుమును పోగొట్టును. చిలుము మిగిలినచోట తగరము అంటదు. ఆ మాట అప్పుడు మాకు వేడుకగా తోచినది. ఇప్పుడు శాస్త్రముగా తోచుచున్నది.

మన ప్రాచీనులును ఈ సంగతి ఎరిగినవారే. సుశ్రుత సంహితలో శస్త్రచికిత్సను పూర్వకర్మ, ప్రధానకర్మ, పశ్చాత్కర్మ యని మూడు విధములుగా విభజించి చెప్పియున్నారు. శస్త్రము పట్టుట ప్రధానకర్మమేకాని, దానికి ముందు చేయు సన్నాహమునకు కర్మ యనియే పేరిడిరి, కాలయాపన యనలేదు. పంటి అతుకునకును పూర్వకర్మ గలదు. అది రెండు చోట్ల రెండు విధములు. పంటికి ఒక విధము, పాత పూతకు మరియొక విధము. ఈ రెంటిని ఒక్కటే యనుకొనుటలోనే మా పంటి ముక్క ఊడిపోయినదని మా నిశ్చయము.

పంటి సంగతి ముందు చూతము. పంటి పైని తెల్లని గట్టి పొరను పింగాణిపొర యందురు. దానిపై బంక నిలుపుట యెట్లు అను చిక్కును విడదీసినవాడు అమెరికాలోని రాచెస్టరు పట్టణమున పనిచేసిన మైకేల్ బూనకోర్ అను దంతవైద్యుడు. ఇనుముపై రంగు వేయుటకు ముందు, రంగు గట్టిగా పట్టుటకై ఫాస్ఫారికు ఆమ్లముతో కడుగుట కర్మాగారములలో వాడుక. పంటిపై ఏల అట్లు చేయరాదని ఆతనికి తోచినది. నూటికి ఎనుబదియైదు పాళ్ల ఫాస్ఫారికు ఆమ్లమును పింగాణిపొరపై అరనిమిషము ఉంచి కడిగి చూడగా బంక మునుపటికంటె ఎంతో గట్టిగా నిలిచినది. ఆ సంగతి 1955లో ప్రకటించెను. ఆమ్లము పింగాణిపొరలో కంటికి కానరాని గుంటలు కోట్లకొలది చేయును; పలుచని బంక ఆ గుంటలలోనికి జారి, బిగిసి, వేళ్లూని నిలుచును. ఈనాడు నూటికి ముప్పదియైదు మొదలు ముప్పదియేడు పాళ్ల ఆమ్లమునే వాడుచున్నారు. పింగాణిపొరపై పదునైదు మొదలు ముప్పది క్షణములు ఉంచుట సామాన్యము. మాకు రాచిన నీలిరంగు ముద్ద ఇదియే.

లోపలి డెంటిను పొర విషయమున కొంచెము జాగ్రత్త యెక్కువ. ఆమ్లము తగిలిన పిమ్మట దానిని ఎండుటాకువలె ఆరబెట్టినచో అందలి సన్నని పోగులు తడి గుడ్డ ఎండి ముడుచుకొన్నట్లు అణగిపోవును; బంక లోనికి దిగదు. కావున అచట లేతతడి యుండనీయవలెను. సన్నాహము తక్కువైనను దోషమే, మితిమీరినను దోషమే.

ఇక పాత పూత. ఆ ఫాస్ఫారికు ఆమ్లమునే పాత కాంపోజిటుపై రాచినచో ఏమగును? మురికి పోయి శుభ్రపడును, అంతే. పింగాణిపొరపై చేసినట్లు గుంటలు చేయజాలదు. ఏలననగా బిగిసిన రెసినును గాజుపొడిని ఆ ఆమ్లము కరగింపదు. గాజును తినునది హైడ్రోఫ్లోరికు ఆమ్లము. వైద్యశాల వెలుపల తయారుచేయు పింగాణి తొడుగుల లోపలి ముఖమునకు దానిని వాడుదురు. కాని అది చిగురులను, చర్మమును తీవ్రముగా కాల్చు విషద్రవ్యము. కాంపోజిటు అతుకునకై నోటిలో దానిని వాడుట మంచిదికాదు. కాబట్టి పాత పూతపై గరుకుదనము ఆమ్లముచేత రాదు, గీకియే తేవలెను.

ఈ మాటను మాకు బోధపరచినది కుప్పము. బంధువుల గృహప్రవేశమునకు పుంగనూరు, పలమనేరుల మీదుగా అచటికి వెళ్లియుంటిమి. ఆ ప్రాంతము గ్రానైటు రాతికి ప్రసిద్ధికెక్కినది. కోసి మెరుగు పెట్టిన పలకలో ఒక ముఖము అద్దము, మరియొక ముఖము గరుకు. బేల్దారి గోడకు పలక అంటించునప్పుడు గరుకు ముఖమునకే సిమెంటు పూయును. మెరుగు ముఖమునకు పూసినచో నిలువదని వానికెవ్వరును చెప్పనక్కరలేదు. అదే యింటిలో పాత గోడపై కొత్త పూత పూయుటకు ముందు సుత్తితో గాట్లు పెట్టి, దుమ్ము కడిగి, సిమెంటు పాలు పూసి, ఆ తడి ఆరకముందే పూత పెట్టుట చూచితిమి. మా పంటి పాత పూతకు గాట్లెవ్వరు పెట్టిరి? సిమెంటు పాలెవ్వరు పూసిరి? అని మనస్సులో తళుక్కుమన్నది. మరునాడు అచటి దంతవైద్యురాలి యొద్దకు వెళ్లి ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి. ఆమె నవ్వి, "అమ్మా, మీరు చూచినదే మేమును చేయుదుము, మా పనిముట్లు చిన్నవి, అంతే" అనెను.

ఆమె చేసిన పని క్రమముగా చెప్పుదుము.

మొదట నిమ్ముగల మెత్తని రజముతో పంటిని, పాత పూతను రుద్ది పాచి పోగొట్టెను. పంటి రంగు తడిగా నున్నప్పుడే చూచి కొత్త పదార్థపు రంగు నిర్ణయించెను. పన్ను ఆరినచో తెల్లబడి రంగు తప్పుగా తోచునట. పిమ్మట పంటిచుట్టు పలుచని రబ్బరు గుడ్డ బిగించి ఉమ్మి తగులకుండ చేసెను. తరువాత వజ్రపు రజము తాపిన చిన్న ములుకుతో పాత పూత విరిగిన ముఖమును కొంచెముగా గీకి, మెరుగంతయు పోగొట్టి, అంచును వాలుగా తీర్చెను. కొన్ని వైద్యశాలలలో ములుకునకు తోడుగా, యాబది మైక్రాన్ల అల్యూమినియము ఆక్సైడు రజమును గాలితో చిమ్ముదురు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. సిలికా పూసిన రజము చిమ్ము పద్ధతియు గలదు. అది గరుకు చేయుటయే గాక పూతపై సిలికాను నాటును.

గీకిన పిమ్మట ఆమ్లము రాచి కడిగెను. ఇచట ఆమ్లమునకు రెండు పనులు: చుట్టునున్న పింగాణిపొరలో గుంటలు చేయుట, గీకిన పూతపైని దుమ్మును కడుగుట. ఆరిన తరువాత గీకిన పూతపై సిలేను అను ద్రవము రాచి ఒక నిమిషము ఆగెను. ఈ సిలేను పెండ్లిండ్ల పేరయ్య వంటిది. దాని అణువునకు రెండు చేతులు. ఒక చేయి గీకుటచే బయటపడిన గాజుకణమును పట్టుకొనును. రెండవ చేయి రాబోవు బంకను పట్టుకొనును. ఒకరినొకరు ఎరుగని రెండు ఇండ్లను కలుపును. అయినను పేరయ్య యొక్కడే సంసారము నిలుపలేడు. గరుకుదనము లేనిచోట సిలేను ఒంటరిగా చాలదు. ఆ పిమ్మట సిమెంటు పాలవలె పలుచని బంక పూసి, గాలితో పలుచన చేసి, వెలుతురు చూపెను. ఇప్పుడు సిలేనును, బంకను ఒకే సీసాలో కలిపి అమ్ముచున్నవారును గలరు. సీసా యేదైనను గీకుట మాత్రము తప్పదు. ఇంతయు అయిన తరువాతనే కొత్త కాంపోజిటును పొరలు పొరలుగా పెట్టి మెరుగు పెట్టెను. మొత్తము ముప్పావుగంట పట్టినది. అందు ప్రధానకర్మకు పట్టినది పావుగంటయే. తక్కినదంతయు పూర్వకర్మయు, మెరుగును. కళాయివాని మాట అక్షరాల నిజమైనది.

ఆ అతుకు ఈనాటికిని ఉన్నది. నిప్పట్లను మాత్రము విరిచి ప్రక్క పండ్లతో నములుచున్నాము.

ప్రయోగశాలలలో ఇట్టి అతుకుల బలమును యంత్రములతో లాగి కొలుతురు. ఒకే ముద్దగా చేసిన కాంపోజిటు బలముతో పోల్చినచో, పాత కొత్తల అతుకు బలము పద్ధతిని బట్టి ఇంచుమించు పావువంతు మొదలు ముప్పాతిక వంతు వరకు మారుచుండును. పదార్థము అదియే, వెలుతురు అదియే; ముఖమును సిద్ధపరచిన తీరులోనే అంత భేదము. గీకక పెట్టినది మిక్కిలి బలహీనము. గీకి, సిలేను బంకలు పూసినది బలవత్తరము. ఎంత చక్కగా చేసినను అతుకు అతుకే. ఏకముద్దతో సరితూగుట అరుదు. అందుచేత దానిని కాపాడుకొను భారము మనపై నుండును.

ఇక మనవలన కలుగు విఘ్నములను చెప్పుదుము. వీనిలో మొదటిది ఉమ్మి. ఆమ్లముతో కడిగిన పంటిపై ఒక్క బొట్టు ఉమ్మి తగిలినను క్షణములలో మాంసకృత్తుల పొర ఏర్పడి గుంటలను మూసివేయును. మరల కడిగి ఆమ్లము రాయవలసినదే. కాబట్టి రబ్బరు గుడ్డ బిగించినప్పుడు విసుగుకొనరాదు. పని నడుమ నాలుకతో తడవి చూచుట, నోరు మూయుట, మాటలాడుట చేయరాదు. చెప్పవలసినది చేయెత్తి తెలుపవలెను. చిగురులనుండి నెత్తురు కారుచున్నను అదే నష్టము. చిగురులు వాచియున్నచో ముందు పండ్లు శుభ్రపరపించుకొని, వాపు తీసిన పిదప అతుకు వేయించుకొనుట మేలు.

రెండవది లవంగతైలము. ఇది మన యింటి మందు. నొప్పిని మరపించుటలో దీనికి సాటి లేదు. కాని ఇందలి యూజినాలు అను సారము రెసిను బిగియుటను అడ్డగించును. తాత్కాలికముగా పెట్టు కొన్ని సిమెంట్లలోను ఇదియే యుండును. వైద్యునియొద్దకు పోవు ముందు లవంగతైలము పంటికి అద్దియున్నచో దాచక చెప్పవలెను. చెప్పినచో వారు బాగుగా శుభ్రపరచుకొందురు.

మూడవది పండ్లను తెల్లబరచు మందులు. వివాహములకు ముందు ఆడపిల్లలు వీనిని వాడించుకొనుట నేడు మన ఊళ్లకును వచ్చినది. ఆ మందు విడుచు ప్రాణవాయువు పంటిలో కొన్నాళ్లు నిలిచి బంక బిగియుటను చెరచును. తెల్లబరచిన పిమ్మట ఒకటి రెండు వారములు ఆగి అతుకు వేయించవలెను. ఆగుటకు మరియొక కారణమును గలదు. ఆ మందుచే పన్ను తెల్లబడునుగాని పాత పూత రంగు పంటివలె మారదు. పంటి రంగు కుదుటబడిన పిదపనే కొత్త పూత రంగు సరిగా ఎన్నుకొనవచ్చును.

నాలుగవది తాంబూలము. సున్నము, కాచులు పేర్చిన ఎఱ్ఱని గార పూతపైనను పంటిపైనను అంటియుండును. దానిమీద ఆమ్లము పనిచేయదు. ముందు గార తీయింపవలెను.

మన తెలుగుదేశపు నీటిని గూర్చియు ఒక మాట చెప్పక తీరదు. 1937లో షార్టు మొదలగు వైద్యులు నెల్లూరు జిల్లాలోని గ్రామములలో ఫ్లోరైడు వ్యాధిని కనుగొని లోకమునకు వెల్లడించిరి. నల్లగొండ, అనంతపురము మొదలగు సీమలును ఈ బాధ నెరిగినవే. మన రాయలసీమ గ్రానైటు రాతి నేల. వానలు తక్కువై గొట్టపుబావులు లోతునకు దిగిన కొలదిని నీటిలో ఫ్లోరైడు హెచ్చు ప్రమాదముగలదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని హద్దు. పండ్లు చిగురులలో రూపొందు బాల్యమున, అనగా సుమారు ఎనిమిదేండ్లలోపల, ఆ నీరు త్రాగినవారికి పండ్లపై తెల్లని చారలు, గోధుమరంగు మచ్చలు ఏర్పడును. మచ్చలు కప్పుటకు వారిలో ననేకులు కాంపోజిటు పూత వేయించుకొందురు.

ఇట్టి పంటికి పూర్వకర్మ మరింత ముఖ్యము. ఫ్లోరైడు సోకిన పంటి పైపొర మితిమీరిన గట్టిదనముతో ఆమ్లమునకు లొంగదు. దాని క్రింది పొర మాత్రము సారములేక గుల్లగా నుండును. మామూలుగా పదునైదు క్షణములు ఆమ్లము రాచి పూత పెట్టినచో గుంటలు సరిగా పడక పూత పెచ్చులుగా లేచును. కావున వైద్యులు పైపొరను లేశముగా గీకి గాని, ఆమ్లమును ఎక్కువసేపు ఉంచి గాని పని నడపుదురు. మచ్చ తీవ్రమైన కొలదిని పట్టు తగ్గును. మీరు పెరిగిన ఊరి నీరు ఎట్టిదో వైద్యునికి చెప్పుట ఇందుచేత నవసరము. మచ్చ లేతదైనప్పుడు దీపపు వెలుతురున వారికి తోపకపోవచ్చును.

అన్ని పూతలకును అతుకే తగునని మా అభిప్రాయము గాదు. పాత పూత క్రింద పన్ను పుచ్చియున్నచో, పూత మొత్తముగా కదలుచున్నచో, అంచు పొడవునను సందు విడి అన్నము ఇరుకుచున్నచో, రాత్రులందు నిద్ర చెడునట్టి పోటు ఉన్నచో, అతుకు వేయుట చిలుము పైని కళాయి వంటిది. అట్టిచో తీసివేసి కొత్తది పెట్టుటయే ధర్మము. అంచున చిన్న ముక్క విరిగినది, కొంచెము అరిగినది, రంగు మారినది, ఒక ప్రక్క చిన్న సందు పడినది, తక్కిన భాగము దృఢముగా నున్నది—ఇట్టి వానికి అతుకు తగును. ఏది తగునో నిర్ణయించుట వైద్యుని పని. ఎందుచేత అట్లు నిర్ణయించిరో అడిగి తెలిసికొనుట మన పని.

అడుగుట యనగా మనలో ననేకులకు జంకు. పెద్ద చదువులు చదివినవారిని ప్రశ్నించుట అమర్యాద యగునేమో యని తలతుము. వంటమనిషిని పప్పు కడిగితివా యని అడుగుటకు జంకము. కళాయివానిని గిన్నె తోమితివా యని అడుగుటకు జంకము. మన శరీరమునకు సంబంధించిన పనిలో మాత్రము మౌనము వహింతుము. వినయముతో అడిగినచో మంచి వైద్యుడెవ్వడును కోపగించుకొనడు. "డాక్టరుగారూ, ఇది అతుకుతో నిలుచునా, అంతయు తీయవలెనా? పాత పూతను గీకి గరుకు చేసెదరా? దానిపై సిలేనుగాని, అది కలిసిన బంకగాని పూసెదరా? ఉమ్మి తగులకుండ ఏమి కట్టుదురు?" ఈ నాలుగు ప్రశ్నలు చాలును. ఆనాడు మాకీ నాలుగు మాటలు తెలిసియున్నచో పదునొకండు దినముల అతుకునకు రొక్కము చెల్లించి యుండము; మేలైన పంటిని తొలిపించుకొను ప్రమాదపు గట్టుదాక వెళ్లియుండము.

ఇంకొక సంగతి. కూలి తోముటకే యని కళాయివాడు చెప్పినట్లు, కాలము పట్టు పూర్వకర్మకు వెల యుండును. పది నిమిషములలో ముగించు చోటనే చౌక యని పోవుట చౌక కాదు. ముప్పావుగంట నోరు తెరచి కూర్చుండుటకు ఇంటిపనినుండి ఒక పూట విడుచుకొనుటయే మనకు కష్టము. అయినను ఆ పూట మనకు మనమే ఇచ్చుకొనవలెను. ఇంటిలోనివారు తమంతట తలచుకొని ఇచ్చువరకు పన్ను ఆగదు.

నేడు మీ యింటిలో ముందటి పన్ను విరిగి పమిటచెంగుతో నవ్వు అత్తగాని, చెల్లెలుగాని, వంటయింటి మూల కూర్చున్న పెద్దమ్మగాని ఉన్నచో, ఈ వ్యాసము చదివి వినిపించి, చేయి పట్టుకొని వైద్యుని యొద్దకు తోడుకొనిపొండు. ప్రశ్నలు మీరడుగుడు. ఆమె నోరు తెరచి కూర్చుండిన చాలును.